చెత్తగుట్ట ఊట: చవక పదార్థాలకు చోటెక్కడ?



డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి స్మృతిలో కూడిన సభ ఇది. ఇక్కడ నీటి గురించి తప్ప ఇంకో సంగతి మాట్లాడబుద్ధి కాదు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన ఆయన విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. దేశపు జల సంపద మీద గ్రంథం రాశారు. 1986లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాసంతా నదుల మీదే. ఆయన పేరు తలచుకోగానే మనకు గుర్తొచ్చేది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట రాతికట్టడం. సిమెంటుకూ యంత్రాలకూ కటకటగా ఉన్న కాలంలో దగ్గర దొరికే రాయినీ వేలాది కూలీల చేతులనూ నమ్ముకొని కట్టారు. అయితే రాయి మనది, చవకది అన్న అభిమానం ఒక్కటే ఆ ఆనకట్టను నిలబెట్టలేదు. ఏ ఎత్తులో ఎంత బరువు పడుతుంది, ఏ రాయి ఎంత మోస్తుంది అన్న లెక్క నిలబెట్టింది. ఈరోజు నేను చెప్పదలచింది కూడా ఈ దారిలోదే. మన చెత్తగుట్టల నుంచి కారే విషపు నీటిని సున్నం, ఊక బూడిద, కొబ్బరి పొట్టు, గడ్డి మొక్కల వంటి చవక పదార్థాలతో శుద్ధి చేయవచ్చు. కానీ ఒక్కో పదార్థానికి ఒక్కో చోటుంది. ఆ చోటు తప్పితే అది దండగ. చవక వస్తువును వాడేవాడికి ఖరీదైన యంత్రం కొనేవాడికంటే ఎక్కువ లెక్క కావాలి.

1

ముందు ఆ నీరు ఏమిటో చూద్దాం. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం, చాలాచోట్ల అంతకు మించి, తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూలు, మాంసం కొట్ల వ్యర్థాలు అందులో ఉంటాయి. దాన్ని పొడి చెత్తతో కలిపి గుట్ట పోస్తే లోపల గాలి ఆడక కుళ్లుతుంది. ఆ కుళ్లు నీటికి వాన నీరు తోడవుతుంది. రెండూ కలిసి బ్యాటరీలను, రంగు డబ్బాలను, మందు సీసాలను కడుక్కుంటూ అడుగుకు దిగి, నల్లటి డికాక్షన్‌లా బయటికి ఊరుతాయి. ఇదే లీచేట్. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంప్ యార్డు కింద మల్కారం చెరువు ఈ ఊటతో ఎలా పాడైందో మీలో చాలామందికి తెలుసు. తర్వాత పాత గుట్టను కప్పారు, శుద్ధి యంత్రాలు పెట్టారు. కానీ భూమిలోకి ఒకసారి దిగిన ఊటను ఏ కప్పూ వెనక్కి తేలేదు. చుట్టుపక్కల బోర్లు తాగడానికి పనికిరాకుండా పోయిన ఊళ్ల కష్టం గుట్టను కప్పిన రోజుతో తీరిపోలేదు.

ఎంత ఊరుతుంది? చిన్న లెక్క వేసి చూద్దాం, పెన్ను ఉన్నవాళ్లు నాతోపాటు వేయండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఎకరం గుట్ట మీద పడే నీరు 32 లక్షల లీటర్లు. మూడింట రెండు వంతులు ఆవిరైపోయి, పారిపోయి, ఒక వంతే లోపలికి దిగిందనుకుందాం. అయినా ఎకరానికి ఏటా పది లక్షల లీటర్ల పైచిలుకు తేలుతుంది. నాలుగెకరాల గుట్ట ఉన్న చిన్న మున్సిపాలిటీకి సగటున రోజుకు పదివేల లీటర్లకు తగ్గదు. ఇందులో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే వస్తుంది. కాబట్టి శుద్ధి మాట ఎత్తేముందు గుట్ట మీద కప్పు వేయాలి, చుట్టూ వాననీటి కాలువ తవ్వాలి. లోపలికి దిగనివ్వని లీటరును ఏ బూడిదతోనూ వడకట్టనక్కర లేదు.

ఇంకో సంగతి వయసు. కొత్త చెత్త నుంచి వచ్చే ఊట పుల్లగా ఉంటుంది. అందులోని మలినంలో సగానికి పైగా సూక్ష్మజీవులు తినగలిగినదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తినగలిగిన భాగం పదో వంతుకు పడిపోతుంది. మిగిలేది గోధుమ నల్లటి, మొండి సేంద్రియ పదార్థం. అమ్మోనియా మాత్రం తగ్గకుండా దశాబ్దాల తరబడి ఊరుతూనే ఉంటుంది. కొత్త ఊటకు పనిచేసిన పద్ధతి పాత ఊట దగ్గర చతికిలపడేది ఇందువల్లే. ఒక ఊళ్లో ఫలించిందని ఇంకో ఊళ్లో అదే పెట్టడానికి ముందు ఆ గుట్ట వయసు అడగాలి.

2

ఇప్పుడు చవక పదార్థాల సంగతి. మునగ గింజ, ఇండుప గింజ, వేరుశనగ తొక్క, చింతగింజ పొడి, ఊక బూడిద, ఎర్రమట్టి, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్. వీటిలో ప్రయోగశాలలో మంచి ఫలితం చూపనిది దాదాపు లేదు. 80 శాతం తీసేసింది, 90 శాతం తీసేసింది అని వ్యాసాలు వస్తాయి. ఆ అంకెలు అబద్ధమని నేను అనను. శాతం అనేది ఇక్కడ తప్పుడు కొలబద్ద అంటాను. నీటిలోని మొత్తం సేంద్రియ మలినాన్ని చెప్పే సీఓడీ కొత్త ఊటలో లీటరుకు పదివేల మిల్లీగ్రాములు ఉండటం వింత కాదు. అందులో 90 శాతం పోతే వెయ్యి మిగులుతుంది. చెరువుల్లోకి, వాగుల్లోకి వదలాలంటే 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పెట్టిన హద్దు 250. అంటే 90 శాతం విజయం తర్వాత కూడా ఆ నీరు హద్దుకు నాలుగింతల మురికితో ఉంటుంది. మనకు కావలసింది ఎంత పోయిందన్న అంకె కాదు, ఎంత మిగిలిందన్న అంకె.

పైగా చాలా ప్రయోగాలు గాజు బీకరులో, శుద్ధమైన నీటిలో ఒకే లోహాన్ని కలిపి చేసినవి. అసలు ఊటలో ఆ లోహంతో పాటు సోడియం, కాల్షియం, అమ్మోనియం, మొండి సేంద్రియ పదార్థం అన్నీ ఉంటాయి. బూడిద మీద ఉన్న చోటు కోసం అన్నీ తోసుకుంటాయి. అందుకే బీకరులో పులి అయినది గుట్ట దగ్గర పిల్లి అవుతుంది.

ఒకే పదార్థం చోటును బట్టి ఎలా మారిపోతుందో చూపించే లెక్క ఒకటి చెప్తాను. ఈ ఉపన్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు. దక్కను బసాల్టు రాళ్ల పగుళ్లలో జియోలైట్ అనే ఖనిజం దొరుకుతుంది. ఆ జాతి ఖనిజాల్లో కొన్ని అమ్మోనియాను పట్టుకోవడంలో దిట్టలు. అసలు ఊటలో గ్రాముకు పది మిల్లీగ్రాములు పట్టిందనుకుందాం. ఊటలో లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఉంది. హద్దు 50. తీయాల్సింది 950. దానికి లీటరుకు 95 గ్రాముల రాయి కావాలి. రోజుకు పదివేల లీటర్లకు 950 కిలోలు, ఇంచుమించు టన్ను. ఏ మున్సిపాలిటీ రోజుకో టన్ను రాయి తెప్పించి, మరో టన్ను వాడేసిన రాయిని మోసి పారేస్తుంది? ఇప్పుడు అదే జియోలైట్‌ను వరుసలో చివర పెట్టండి. ముందున్న మెట్లలో అమ్మోనియా వంద మిల్లీగ్రాములకు దిగిందనుకోండి. తీయాల్సింది 50, కావలసిన రాయి రోజుకు 50 కిలోలు. ఒక బస్తా! పదార్థం మారలేదు, దాని గుణమూ మారలేదు. దాన్ని కూర్చోబెట్టిన మెట్టు మారింది.

3

మరి ఆ మెట్లు ఎలా ఉండాలి? మొదటి మెట్టు నిలవ చెరువు. వానాకాలపు పోటును తట్టుకునేంత పెద్దగా, అడుగున లైనింగ్‌తో ఉండాలి. చవక కదా అని కొందరు నల్లరేగడి పరిచి వదిలేస్తారు. రేగడి తడిగా ఉన్నంతకాలం నీటిని ఆపుతుంది, వేసవిలో ఎండితే అరచేయి దూరేంత నెర్రెలు ఇస్తుంది. తొలకరికి మొదటి ఊట ఆ నెర్రెల్లోంచి నేరుగా భూమిలోకి దిగుతుంది. ప్లాస్టిక్ పొర కింద రేగడి ఉండాలి, రేగడి ఒక్కటే సరిపోదు. అసలు ఖర్చు పెట్టి తీరవలసిన చోటు ఇదొక్కటి. ఇక్కడ చవక వెతకకండి.

రెండో మెట్టు సున్నం. దీన్ని ఎవరూ కొత్త ఆవిష్కరణగా చెప్పరు, అందుకే దీని మీద వ్యాసాలు తక్కువ. కానీ పల్నాడులోనూ, నల్లగొండలోనూ, కడపలోనూ సున్నపురాయి నేల కింద పరచుకొని ఉంది. ఊటలో సున్నపు పాలు కలిపి క్షార గుణం పెంచితే సీసం, జింకు వంటి లోహాల్లో చాలా భాగం మడ్డిగా అడుగుకు దిగుతాయి. మొండి రంగు కొంత పోతుంది. కలిపిన కాసేపటికి పైన తేరిన నీరు, కింద బూడిదరంగు మడ్డి కళ్లకు కట్టినట్టు విడిపోతాయి. క్షారం మరీ పెంచితే అమ్మోనియా వాయువై గాలిలోకి లేస్తుంది. కొందరు దాన్నే శుద్ధి అంటున్నారు. నీటిలోని విషాన్ని పక్క బస్తీ ముక్కులోకి పంపడాన్ని శుద్ధి అనకూడదు. సున్నాన్ని లోహాల వరకే వాడాలి, అమ్మోనియాను తర్వాతి మెట్టుకు వదలాలి.

ఇక్కడ మునగ గింజ గురించి ఒక మాట. పైతొక్క వలిచి, లోపలి తెల్లటి పప్పు దంచి, నూనె తీసేసి, ఉప్పు నీటిలో కలిపి గుడ్డలో వడకడితే వచ్చే ద్రవంలో ధనావేశం ఉన్న ప్రోటీన్ ఉంటుంది. బురద రేణువులది రుణావేశం. రెండూ అతుక్కొని గడ్డలై దిగిపోతాయి. ఏటి బురద నీటికి లీటరుకు మిల్లీగ్రాముల్లో సరిపోతుంది. ఊటకు గ్రాముల్లో కావాలి. లీటరుకు రెండు గ్రాములే పట్టిందనుకున్నా పదివేల లీటర్లకు రోజుకు 20 కిలోల పప్పు. పైగా గింజలోని మిగతా పదార్థం నీటిలోనే కరిగి ఉండిపోయి మనం తగ్గించాలనుకున్న సేంద్రియ భారాన్నే పెంచుతుంది. కరువు ఊళ్లో కుండనీటికి మునగ గింజ వరమే. చెత్తగుట్ట దగ్గర దానికి పని లేదు. ఇది నా నిశ్చితాభిప్రాయం.

మూడో మెట్టు గడ్డి మడులు. మొత్తం వరుసకు ప్రాణం ఇక్కడే ఉంది కనుక కాస్త నిలబడి చూద్దాం. కంకర, ఇసుక నింపిన మడిలో జమ్ముగడ్డి, వట్టివేరు, మెట్టతామర వంటివి నాటి, పైనుంచి ఊటను విడతలు విడతలుగా వదులుతారు. చూసేవాళ్లకు మొక్కలే శుద్ధి చేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి మొక్క తన ఒంట్లోకి తీసుకునేది తక్కువ. పనంతా కంకర మీద జిగురుగా పట్టిన బ్యాక్టీరియా పొరది. విడతకూ విడతకూ మధ్య మడి ఖాళీ అయినప్పుడు లోపలికి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలితో బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. వేళ్లు మడి పూడిపోకుండా దారులు తెరిచి ఉంచుతాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని స్టాట్స్ క్రీక్ డంపింగ్ క్షేత్రంలో వట్టివేరు పెంచి దానికి ఊట పారించారు. ఆ మొక్క అంత ఘాటును తట్టుకుంది. వట్టివేరు మన కోస్తా ఇసుక నేలలకు కొత్తది కాదు.

మడి ఎంత ఉండాలి? ఒక గ్రాము అమ్మోనియా నత్రజని మారడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. రోజుకు పదివేల లీటర్లలో లీటరుకు 900 మిల్లీగ్రాములు తగ్గించాలంటే తొమ్మిది కిలోల నత్రజనికి 41 కిలోల ఆక్సిజన్. చదరపు మీటరు మడి రోజుకు 25 గ్రాములు పీల్చుకుంటుందనుకుంటే 1,640 చదరపు మీటర్లు, అంటే 40 సెంట్లు. మిగతా మలినానికి కావలసిన గాలి కూడా కలుపుకుంటే అర ఎకరం దాటుతుంది. నాలుగెకరాల గుట్టకు అర ఎకరం, ముప్పావు ఎకరం మడి పెద్ద కోరిక కాదు. కానీ లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల అమ్మోనియా ఉన్న ఊటను నేరుగా వదిలితే మొక్క మాడిపోతుంది. మడి దాటిన నీటిలో కొంత వెనక్కి తెచ్చి నిలవ చెరువులో కలపాలి. దీనివల్ల ఘాటు తగ్గుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. మడిలో పుట్టిన నైట్రేట్ గాలి ఆడని చెరువులో కొత్త ఊట తగిలి నత్రజని వాయువుగా విడిపోతుంది. ఊట పాతదై బ్యాక్టీరియాకు తిండి చాలకపోతే కోనసీమ కొబ్బరి పొట్టో, గడ్డి ముక్కలో ఆ చెరువు పక్కన ఒక గుంటలో నింపాలి. పొట్టును ముందు బాగా కడగకపోతే అదే గోధుమ రంగు దించుతుంది. ఈ తిప్పుడు లేని గడ్డి మడి అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చి బోర్లలోకి పంపే యంత్రం మాత్రమే.

చివరి మెట్టు బూడిద, జియోలైట్. మిర్యాలగూడ వంటి చోట్ల మిల్లుల బాయిలర్ల నుంచి ఊక బూడిద లారీలకొద్దీ వస్తుంది. వంద కిలోల ధాన్యానికి 20 కిలోల ఊక, కాలిస్తే నాలుగు కిలోల బూడిద. తెల్లగా కాలిన బూడిద దాదాపు అంతా సిలికానే. మనకు కావలసింది నల్లగా మిగిలినది, కాలని కర్బనం ఉన్నది. రంగును పట్టేది ఆ కర్బనమే. జల్లించి మెత్తటి పొడి తీసేయకపోతే వారం తిరక్కుండా పడక పూడిపోతుంది.

4

ఇప్పుడు రావలసిన అభ్యంతరాలు. ఆర్వో యంత్రం ఉండగా ఇదంతా ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆర్వో పని చేస్తుంది, ఉప్పును కూడా ఆపుతుంది. కానీ అది మలినాన్ని నాశనం చేయదు, విడదీస్తుంది. శుద్ధమైన నీరు ఒకవైపు, అంతకు ముందుకంటే ఘాటైన గాఢ ద్రవం ఇంకోవైపు. చాలాచోట్ల ఆ గాఢ ద్రవాన్ని మళ్లీ గుట్ట మీదే పోస్తారు. ఉప్పు, అమ్మోనియా తిరిగి అదే ఊటలో చేరి ఏటికేడు పేరుకుంటాయి. మహానగరానికి ఆర్వో తప్పకపోవచ్చు. అక్కడ కూడా దాని ముందు సున్నం, మడులు పెడితే పొరలు ఎక్కువ కాలం మన్నుతాయి, అమ్మోనియా తిరిగి రాకుండా గాలిలోని నత్రజనిగా వెళ్లిపోతుంది. రెండింటికీ పోటీ పెట్టనక్కర లేదు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది, చవక శుద్ధిని ఇష్టపడేవాళ్లు దాన్ని దాటవేస్తున్నారు. వాడేసిన పదార్థం ఏమవుతుంది? లోహాలను పట్టుకున్న సున్నపు మడ్డిని, రంగు పట్టిన బూడిదను తిరిగి గుట్ట మీద పారేస్తే వచ్చే ఏడు అదే విషం అదే దారిన ఊరుతుంది. అప్పుడు మనం చేసింది శుద్ధి కాదు, వాయిదా. కర్బనం ఉన్న బూడిదను పరీక్షించి సిమెంటు బట్టీకి పంపవచ్చు, మన రెండు రాష్ట్రాల్లో బట్టీలకు కొదవ లేదు. లోహాల మడ్డిలో మోతాదు ఎక్కువని తేలితే దుండిగల్, పరవాడల్లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకే చేర్చాలి. జియోలైట్‌ను ఉప్పు నీటితో కడిగి మళ్లీ వాడవచ్చు, ఆ కడిగిన నీటికీ లెక్క ఉండాలి. నత్రజని పట్టింది కదా, ఎరువుగా వేద్దాం అనేవాళ్లున్నారు. లోహాల పరీక్ష లేకుండా పొలానికి వేయడం రైతుకు ద్రోహం. ఈ రవాణా, పరీక్షల ఖర్చు కలపకుండా చవక అన్న మాట వాడకూడదు. కలిపినా చిన్న ఊరికి ఇది ఆర్వో కంటే తేలికగానే ఉంటుందని నా నమ్మకం. కరెంటు పంపుకు మాత్రమే, విడి భాగాలు ఊళ్లో దొరుకుతాయి, చెడితే బాగుచేసే మనిషి ఊళ్లోనే ఉంటాడు.

ఉప్పు విషయంలో మాత్రం ఓటమి ఒప్పుకోవాలి. క్లోరైడ్‌కు హద్దు లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు. సున్నం, బూడిద, గడ్డి, జియోలైట్, వీటిలో ఏదీ క్లోరైడ్‌ను తీయలేదు. ఊటలో క్లోరైడ్ ఆ హద్దు దాటితే ఈ మెట్లన్నీ ఎక్కిన నీటిని కూడా చెరువులోకి వదలకూడదు. గుట్ట దగ్గరే దుమ్ము అణచడానికి, కంపోస్టు తడపడానికి, హరిత వలయానికి వాడుకోవాలి. మిగిలినది వేసవిలో ఆవిరి చేయాలి. ప్రకృతిసిద్ధమైనది అన్న మాట విని ఈ గీత దాటినవాళ్లు ఇంకో మల్కారాన్ని తయారు చేస్తారు.

5

అధ్యాపకులకు నాదొక విన్నపం. కళాశాలల్లో ఏటా కొత్త గింజ, కొత్త తొక్క పట్టుకొని బీకరు ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటికి బదులు మీ ఊరి గుట్ట ఊటను తెచ్చి, ఒక ఏడాది పాటు నెలనెలా సీఓడీ, అమ్మోనియా, క్లోరైడ్, ఊరే పరిమాణం కొలవండి. మన చిన్న ఊళ్లలో లేనిది కొత్త పదార్థం కాదు, ఈ నాలుగు అంకెల పట్టిక. ఇంకో గింజ పేరు మీద వచ్చే వ్యాసం కంటే ఆ పట్టిక ఆ ఊరి బోర్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

పురపాలక అధికారులకు ఇంకొక మాట. తడి చెత్త గుట్టకు చేరకపోతే ఊటలో సగం ఘాటు పుట్టదు. సూర్యాపేట, బొబ్బిలి వంటి ఊళ్లు ఇంటి దగ్గరే చెత్త వేరు చేయించి పేరు తెచ్చుకున్నాయి. అది డబ్బున్న నగరాలకే సాధ్యమన్న మాట ఇక చెల్లదు. అలా వేరు చేసినా ఇప్పటికే ఉన్న గుట్టలు ఇంకో ఇరవై, ముప్పై ఏళ్లు ఊరుతాయి. వాటికి కప్పు, కాలువ, లైనింగ్ ఉన్న నిలవ చెరువు ఈ తొలకరి లోపే కావాలి. సున్నం, మడులు, బూడిద తర్వాతి ఏడు పెట్టుకోవచ్చు. టెండరు పిలిచేటప్పుడు ఎంత శాతం తీస్తారని కాంట్రాక్టరును అడగకండి. ఎంత మిగులుతుంది, వాడేసిన బూడిద ఎక్కడికి వెళుతుంది అని అడిగి, ఆ రెండు జవాబులూ ఒప్పందంలో రాయించండి.